టకోమాకి సాలిడ్ యాక్సిల్ వేయించుకోండి, అప్పు చేసి మాత్రం వద్దు

ప్రశ్న: మేం అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్లు, హెచ్1బి మీద ఉద్యోగం. మా ఆవిడ ఉద్యోగం చేయడం లేదు, రెండేళ్ల పాప ఉంది. నెలకు చేతికి 8,200 డాలర్లు వస్తాయి. ఇంటి లోను, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, మిగతా ఖర్చులన్నీ పోగా 1,500 మిగులుతుంది. బ్యాంకులో 24 వేలు, 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 92 వేలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీలు లేవు. నా టొయోటా టకోమా 2012 మోడల్, 1.38 లక్షల మైళ్లు తిరిగింది, దాని లోను ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు అమ్మితే 16 వేలు రావచ్చు. ఆఫీసుకీ అందులోనే వెళ్తాను, వారాంతాల్లో కొండదారులకీ అదే. ఈమధ్య టేబుల్ మెసాలో రాళ్ల మీదకి ఎక్కిస్తుంటే ముందు సీవీ యాక్సిల్ (ముందు చక్రానికి ఇంజను శక్తిని చేర్చే కడ్డీ) రెండోసారి విరిగింది. ముందు భాగాన్ని సాలిడ్ యాక్సిల్‌కి, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుకి, మార్చడానికి ఒక షాపు 19 వేలకు కొటేషన్ ఇచ్చింది. 30 శాతం అడ్వాన్సు ఇప్పుడే కడితే ధర పెంచబోమంటున్నారు. పర్సనల్ లోను 12 శాతానికి వస్తోంది. లేదా 401(కె) నుంచి తీసుకోమంటారా? ఐదారేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయే ఆలోచన కూడా ఉంది.

జవాబు: ముందే తేల్చి చెబుతాను. ఈ పనికి పర్సనల్ లోను వద్దు, 401(కె) లోను అసలే వద్దు, బ్యాంకులో ఉన్న 24 వేలు ముట్టుకోవద్దు. అలాగని సరదా మానుకోమనడం లేదు. నెలకు 1,500 మిగిల్చుకుంటూ, కార్డు బాకీ లేకుండా ఉన్న మనిషికి ఇష్టమైన దాని మీద ఖర్చు పెట్టుకునే హక్కు ఉంది. ఆ ఖర్చు ఎప్పుడు, ఎంత, ఏ బండి మీద అన్నదే చూద్దాం.

మీ చిరాకు అర్థమవుతోంది. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండిని రాళ్ల మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక చక్రం కిందకి వేలాడుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే సీవీ జాయింటు తట్టుకోలేని కోణంలో తిరిగి విరుగుతుంది. బండిని ఎక్కువ లిఫ్ట్ చేసి (ఎత్తు పెంచి) ఉంటే ఆ కోణం మామూలుగానే ఎక్కువ. అమెరికాలో టొయోటా 4x4 పికప్‌లకు 1985 వరకు ఫ్యాక్టరీ నుంచే ముందు సాలిడ్ యాక్సిల్ వచ్చేది. 1986 నుంచి ఇండిపెండెంట్ వచ్చింది, 1995లో వచ్చిన టకోమాకైతే మొదటి నుంచీ అదే. రోడ్డు మీద సుఖం పెరిగింది, రాళ్ల మీద బలం తగ్గింది. అందుకే ఇన్నేళ్లుగా జనం మళ్లీ సాలిడ్ యాక్సిల్‌కి మార్పించుకుంటున్నారు. ఇందులో మీ కోరిక వింతేమీ కాదు.

ఇక కొటేషన్ సంగతి. మీరు నాకు పంపిన కాగితంలో డానా 60 అనే బరువైన ముందు యాక్సిల్, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్, 5.38 నిష్పత్తి గేర్లు, యాక్సిల్‌ని మూడు కడ్డీలతో పట్టే త్రీ లింక్ సస్పెన్షన్, కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసినవి), స్టీరింగ్, లేబర్ ఉన్నాయి. లేనివి చూడండి. ముందు డిఫరెన్షియల్‌లో, అంటే యాక్సిల్‌లోని గేర్ల పెట్టెలో, 5.38 గేర్లు వేసి, వెనక కంపెనీ ఇచ్చిన 3.73 అలాగే ఉంచితే ఫోర్ వీల్ డ్రైవ్ వేయడానికి వీల్లేదు. ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగబోయి, రెండిటికీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. కాబట్టి వెనక గేర్లు కూడా మార్చాలి. అది కొటేషన్‌లో లేదు.

అక్కడితో ఆగదు. మీ టకోమా చక్రానికి ఆరు బోల్టులు. డానా 60కి ఎనిమిది. అంటే ముందు ఎనిమిది బోల్టుల రిమ్ములు, వెనక ఆరు బోల్టుల రిమ్ములు, మరి స్టెప్నీ ఎవరికి పనికొస్తుంది? కొండదారి మధ్యలో టైరు పోతే సగం సార్లు మీ స్టెప్నీ పనికిరాదు. దాంతో వెనక యాక్సిల్ కూడా ఎనిమిది బోల్టులదే వేయిద్దాం అంటారు. ముందు అంత బలం వచ్చాక 37 అంగుళాల టైర్లు వేయకపోతే ఏం బాగుంటుంది అనిపిస్తుంది. 37 టైర్లు వేస్తే పాత వెనక యాక్సిల్ ఎలాగూ నిలవదు. ఐదు టైర్లు, ఐదు రిమ్ములు, వెనక యాక్సిల్, రెండు కొత్త డ్రైవ్‌షాఫ్టులు కలిపితే ఈ 19 వేలు 30 వేలు దాటడానికి ఎక్కువ కాలం పట్టదు. ఈ దారిలో వెళ్లినవాళ్లలో మొదటి కొటేషన్ దగ్గరే ఆగినవాళ్లు చాలా తక్కువ.

నిజంగా చేయించుకునే రోజు వస్తే షాపువాళ్లను అంతకన్నా తేలికైన డానా 44 యాక్సిల్ గురించి కూడా అడగండి. పాత షెవీ హాఫ్ టన్ ట్రక్కుల్లో వచ్చిన డానా 44కి ఆరు బోల్టులే, బోల్టుల కొలత కూడా టొయోటాతో కలుస్తుంది. మీ రిమ్ములు, స్టెప్నీ అలాగే ఉంటాయి. 35 టైర్ల వరకు చాలామందికి అది చాలు. డిఫరెన్షియల్ ఏ వైపు ఉంటుందో మీ ట్రాన్స్‌ఫర్ కేసుతో సరిపోవాలి, అది వాళ్లే చూసి చెప్పాలి. ఈ ఒక్క నిర్ణయంతో వేలల్లో తేడా వస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం కలిగించిన మాట మీరు మామూలుగా రాసేశారు: ఆఫీసుకీ అందులోనే వెళ్తాను. 2012 టకోమాకి ఏబీఎస్‌తో పాటు జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఉంది. ఆ రెండూ ముందు చక్రాల దగ్గరున్న సెన్సర్ల మీద ఆధారపడతాయి. కొత్త యాక్సిల్‌కి ఆ సెన్సర్లు సరిగ్గా అమర్చకపోతే డాష్‌బోర్డు మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి, రెండూ పనిచేయవు. సెన్సర్ల పని ఎవరు చేస్తారో, ఎంతవుతుందో కొటేషన్‌లో రాయించుకోండి. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే ప్యానార్డ్ బార్, స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే డ్రాగ్ లింక్ ఒకే కోణంలో లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే పక్కకి లాగుతుంది. ఆ భాగాలు మరీ వదులుగా ఉంటే 60 మైళ్ల వేగంలో ముందు చక్రాలు రెండూ గడగడా ఊగిపోతాయి. లూప్ 101 ఫ్రీవే మీద బండిలో పాపతో వెళ్లేటప్పుడు అలాంటిది జరగకూడదు. అందుకే ఈ పనిలో ఎక్కడైనా డబ్బు మిగిల్చుకోండి గానీ స్టీరింగ్, బ్రేకులు, వెల్డింగ్ దగ్గర పైసా తగ్గించకండి. ఎవరైనా స్నేహితుడు గరాజ్‌లో వెల్డింగ్ చేసిపెడతానంటే ప్రేమతో కాదనండి.

ఇన్సూరెన్సు ఏజెంటుకు ఫోన్ చేశారా? మామూలు ఆటో పాలసీ బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే లెక్కేస్తుంది. బయట వేయించిన భాగాలకు అందులో ఉండే రక్షణ చాలా తక్కువ. 19 వేలు పోసిన బండి రేపు దొంగల పాలైతే మీకొచ్చేది దాదాపు 2012 టకోమా ధరే. అదనపు భాగాల కవరేజీ విడిగా తీసుకోవాలి, లేదా ముందే ధర ఒప్పుకునే పాలసీకి మారాలి. మార్పుల సంగతి దాచిపెడితే క్లెయిము సమయంలో ఇబ్బంది తప్పదు. అలాగే లయబిలిటీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే కవరేజీ, చూసుకోండి. అరిజోనా చట్టం అడిగే కనీసం 25/50/15, అంటే గాయాలకు ఒకరికి 25 వేలు, మొత్తం 50 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 15 వేలు. బరువైన, ఎత్తైన ట్రక్కు ఒక కొత్త కారుని గుద్దితే ఆ 15 వేలు ఏ మూలకి? సాలిడ్ యాక్సిల్ సంగతి ఎలా ఉన్నా ఇల్లున్న మీరు ఈ అంకెలు ఈ వారమే పెంచుకోండి.

ఇప్పుడు అప్పుల లెక్క. 19 వేలు 12 శాతానికి ఐదేళ్లు తీసుకుంటే నెలకు దాదాపు 423 డాలర్లు కట్టాలి. వడ్డీ మొత్తం 6,360 దాకా అవుతుంది. అప్పటికి మీరు హైదరాబాద్ బయల్దేరే సమయం వచ్చేస్తుంది. అప్పు తీరేసరికి బండి అమ్మాలి, అమ్మేటప్పుడు మీరు పెట్టిన 19 వేలల్లో చిన్న భాగమే తిరిగొస్తుంది. మార్పులు చేసిన బండికి కొనేవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లు కూడా ఎవరు చేశారో అని అనుమానంగా బేరమాడతారు.

401(కె) లోను చూడటానికి బాగుంటుంది. మీ ఖాతాలో మీకు దక్కే మొత్తంలో సగం, గరిష్ఠంగా 50 వేల వరకు ఇస్తారు, ఐదేళ్లలో కట్టాలి, వడ్డీ కూడా మీ ఖాతాకే వెళ్తుంది. కానీ మీరు హెచ్1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. సరిగ్గా అదే సమయంలో ఈ లోను కూడా మీద పడుతుంది. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా, పొడిగింపు తీసుకుంటే ఆ తేదీలోగా, మిగిలిన లోను మొత్తం సర్దుబాటు చేయలేకపోతే దాన్ని మీరు డబ్బు తీసేసుకున్నట్టే లెక్కేస్తారు. మామూలు ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం జరిమానా. ఒకే జీతం మీద నడుస్తున్న ఇంట్లో ఈ రెండు కష్టాలనూ ఒకే తేదీకి ముడిపెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అదే కారణంగా బ్యాంకులో ఉన్న 24 వేలు కూడా చాలవు. మీ నెల ఖర్చు 6,700. మూడున్నర నెలలకు సరిపోతుంది, అంతే. ఒక్క జీతం, వీసా మీద ఉద్యోగం, చిన్నపాప ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 40 వేలు ఉండాలి. ఇంకా 16 వేలు కావాలి.

నేనైతే ఇలా చేయమంటాను. నెలకు మిగిలే 1,500లో 1,100 అత్యవసర నిధికి, 400 విడిగా ట్రక్కు ఖాతాకి వెళ్లేలా పెట్టుకోండి. 15 నెలల్లో మొదటిదానిలో 16,500 చేరి 40 వేలు దాటుతుంది, ట్రక్కు ఖాతాలో 6 వేలు ఉంటాయి. అక్కడి నుంచి 1,500 మొత్తం ట్రక్కు వైపు తిప్పితే ఇంకో తొమ్మిది నెలల్లో 19,500. రెండేళ్లలో అదే కొటేషన్ సొమ్ము రూపాయి వడ్డీ లేకుండా మీ చేతిలో ఉంటుంది. ఈలోపు ఉద్యోగానికేమైనా అయితే ట్రక్కు డబ్బు కూడా ఇంటికే పనికొస్తుంది.

ఈ రెండేళ్లు బండి మూలన పెట్టమనను. క్రౌన్ కింగ్ వెనకదారి, సెడోనాలో బ్రోకెన్ యారో లాంటి కొండదారులకి సాలిడ్ యాక్సిల్ అక్కర్లేదు. 33 టైర్లు, వెనక లాకర్, రాళ్ల దెబ్బ కాచే స్కిడ్ ప్లేట్లు కింద, రాక్ స్లైడర్లు పక్కల ఉన్న టకోమా హాయిగా తిరిగొస్తుంది. లిఫ్ట్ ఎక్కువుంటే కాస్త దించి సీవీ కోణం తగ్గించండి, ఒక స్పేర్ సీవీ యాక్సిల్, దాన్ని మార్చే పనిముట్లు బండిలో పెట్టుకోండి. ట్రక్కు ఖాతాలో చేరే మొదటి డబ్బు వీటికే వాడినా తప్పు లేదు.

రెండేళ్ల తర్వాత కూడా రాళ్ల మీదే మనసుంటే ఇంకో లెక్క వేయమంటాను. టకోమా 16 వేలు, మీరు దాచిన 19 వేలు కలిపితే 35 వేలు. ఆ చుట్టుపక్కల ధరకే వాడిన జీప్ గ్లాడియేటర్ రూబికాన్‌లు దొరుకుతున్నాయి. ముందూ వెనకా డానా 44 సాలిడ్ యాక్సిళ్లు, రెండిటికీ లాకర్లు, 4:1 ట్రాన్స్‌ఫర్ కేసు అన్నీ ఫ్యాక్టరీ నుంచే. ఏబీఎస్ పనిచేస్తుంది, ఇన్సూరెన్సు కంపెనీకి అది మామూలు బండి, అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఉంటారు. ఐదారేళ్లలో దేశం మారబోయే మనిషికి ఈ చివరిది చిన్న విషయం కాదు. ఇంకో దారి, ఎవరో ఇప్పటికే కట్టించి పెట్టుకున్న పాత టొయోటాని సగం ధరకు కొనుక్కుని దాన్ని వారాంతాలకే ఉంచడం. కట్టించుకోవడం కన్నా కట్టించినది కొనడమే చౌక అని ఈ లోకంలో ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటారు. అయితే కొనేముందు ఆ వెల్డింగులు తెలిసినవాళ్లకు చూపించాలి.

హైదరాబాద్ వెళ్లాక ఏంటి అని కూడా ఆలోచించి ఉంటారు. ఎడమ స్టీరింగ్ ట్రక్కు మీతో రాదు. అక్కడ యాక్సిల్ మార్పించే ఆలోచన కూడా వద్దు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మారుతి జిమ్నీకి ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి కాబట్టి సరదాకి అక్కడా లోటుండదు.

ఆ 30 శాతం అడ్వాన్సు మాత్రం కట్టకండి. 5,700 డాలర్లు ఇప్పుడిచ్చి, పని రెండేళ్ల తర్వాత చేయించుకుంటే షాపు అప్పటికి ఉంటుందో లేదో తెలియదు, ఉన్నా అదే మెకానిక్ ఉండకపోవచ్చు. డబ్బు చేరాక ఇంకో రెండు షాపుల్లో కొటేషన్లు తీసుకోండి. వెనక గేర్లు, సెన్సర్లు, బ్రేకు పైపులు, అలైన్‌మెంటు అన్నీ విడివిడిగా రాయించండి. అడ్వాన్సు పార్టులకు ఎంతవుతుందో అంతే, అదీ క్రెడిట్ కార్డు మీద ఇచ్చి నెల తిరగకుండా కట్టేయండి. మిగతాది బండి నడిపి చూసుకున్నాకే.