ట్రాక్టర్, స్లాషర్ రెండూ ఒకే డీలర్ అమ్మి ఇప్పుడు వారంటీ లేదంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది అశ్వారావుపేట దగ్గర పల్లె, 12 ఎకరాల పామాయిల్ తోట ఉంది. తోటలో గడ్డి కోయడానికి కొత్త ట్రాక్టర్ (39 హెచ్‌పీ, 6.40 లక్షలు), 8 అడుగుల రోటరీ స్లాషర్ (1.35 లక్షలు) ఒకే షోరూంలో తీసుకున్నాం. ట్రాక్టర్‌కి ఫైనాన్స్ ఉంది. ఈ బండికి ఇది హాయిగా నడుస్తదని డీలరే చెప్పిండు. నెల తిరక్కముందే స్లాషర్ గేర్‌బాక్స్ పగిలింది, ట్రాక్టర్ పీటీఓ (వెనక తగిలించిన మెషిన్‌ని తిప్పే షాఫ్ట్) దగ్గర ఆయిల్ కారుతుంది. స్లాషర్ కంపెనీ వాళ్లు మీ బండి హెచ్‌పీ చాలదంటున్నారు, ట్రాక్టర్ వాళ్లు మిస్‌యూజ్ అంటున్నారు. పక్క తోటల్లో కిరాయికి కొట్టినవ్ కాబట్టి నువ్వు కన్స్యూమర్‌వే కాదు, కేసు నిలవదు అంటున్నడు డీలర్. ఈఎంఐ ఆపేయొచ్చా సార్?

జవాబు: ముందు ఈఎంఐ సంగతి. దయచేసి ఆపకండి. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, బండి అమ్మింది డీలర్, రెండూ వేర్వేరు అగ్రిమెంట్లు, మీరు కిస్తీ ఆపితే డీలర్‌కి పోయేదేం లేదు, బండి గుంజుకుపోతామని వచ్చేది ఫైనాన్స్ వాళ్లు, పాడయ్యేది మీ సిబిల్ (అప్పులు కట్టిన రికార్డు). కట్టలేని పరిస్థితి ఉంటే కేసు వేసేటప్పుడే ఫైనాన్స్ కంపెనీని కూడా పార్టీగా చేర్చి మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఆదేశం) అడగొచ్చు, 2019 కన్స్యూమర్ చట్టం 38వ సెక్షన్‌లో కన్స్యూమర్ కమిషన్‌కి ఆ అధికారం ఉంది. ఇస్తారా లేదా అన్నది కమిషన్ ఇష్టం, అందుకే దాని మీద భరోసా పెట్టుకుని కిస్తీ ఎగ్గొట్టొద్దంటున్నా.

ఇక అసలు విషయం. మీ కేసులో బలం అంతా "నడుస్తది" అన్న ఆ ఒక్క మాటలో ఉంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ఏం చెప్తుందంటే, కొనేవాడు తనకి ఏ పనికి కావాలో అమ్మేవాడికి చెప్పి, ఆయన అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికొచ్చి తీరాలి, బిల్లు మీద రాయకపోయినా సరే. పామాయిల్ చెట్లు 9 మీటర్ల ఎడంతో ఉంటాయి కాబట్టి వెడల్పు మెషిన్ అయితే తక్కువ తిరుగుళ్లతో పని అయిపోతుందని మీరు అడిగి, ఆయన దీన్ని చూపించి ఉంటే ఈ సెక్షన్ మీకు సరిగ్గా వర్తిస్తుంది. ఈ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది, డీలర్ లాయర్ కచ్చితంగా దాన్నే పట్టుకుంటాడు: ఫలానా బ్రాండ్, ఫలానా మోడలే కావాలని పేరు పెట్టి కొంటే ఈ రక్షణ ఉండదు. మీరు పేరు చెప్పి అడిగారా, తోట సంగతి చెప్పి ఏది పనికొస్తదని అడిగారా అన్నది అందుకే ముఖ్యం. కొనకముందు వాట్సాప్‌లో పంపిన తోట ఫొటోలు, వాయిస్ మెసేజీలు, కొటేషన్ ఏవీ డిలీట్ చేయకండి, ఫోన్ కూడా మార్చకండి.

లెక్క కూడా మీ వైపే ఉంది. ఇంజన్ 39 హెచ్‌పీ అంటే వెనక పీటీఓ దగ్గరికి వచ్చేసరికి 33, 34 దగ్గర ఉంటుంది, స్లాషర్‌కి అడుగు వెడల్పుకి సుమారు 5 పీటీఓ హెచ్‌పీ కావాలన్నది ఈ ఫీల్డ్‌లో అందరూ వాడే అంచనా, అంటే 8 అడుగులకి 40. రోజూ ఇదే వ్యాపారం చేసే మనిషికి ఇది తెలియదంటే ఎవరు నమ్ముతారు? స్లాషర్ మాన్యువల్‌లో ఎంత హెచ్‌పీ కావాలో రాసి ఉంటుంది, ఆ పేజీ, మీ ట్రాక్టర్ టెస్ట్ రిపోర్టులో పీటీఓ పవర్ ఉన్న పేజీ, డీలర్ ఇచ్చిన బిల్లు, ఈ మూడూ పక్కపక్కన పెడితే కమిషన్‌కి పెద్దగా వివరించే పని ఉండదు. స్లాషర్ కంపెనీ వాళ్లు హెచ్‌పీ చాలదన్న మాటని మెయిల్‌లోనో లెటర్‌లోనో రాయించుకోండి, వాళ్లు తప్పించుకోడానికి అన్న మాటే డీలర్ మీద మీకు సాక్ష్యం.

మిస్‌యూజ్ అన్న వాదన మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ట్రాక్టర్‌ని స్లాషర్‌తో కలిపే జాయింట్ షాఫ్ట్ దగ్గర షియర్ బోల్ట్ ఉంటుంది, బ్లేడు రాయికో మొద్దుకో తగిలితే గేర్‌బాక్స్ పోకుండా ముందు అది తెగిపోవాలి, అందుకే దాన్ని మెత్తగా చేస్తారు. పదే పదే తెగుతుందని విసుగొచ్చి డ్రైవర్లు బజార్లో దొరికే గట్టి బోల్ట్ బిగించేస్తారు, అలా జరిగితే దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ మీద పడుతుంది, కేసు కూడా అక్కడే వీగిపోతుంది. మీ దాంట్లో ఏ బోల్ట్ ఉందో ఇవాళే చూడండి. ఒరిజినల్‌దే అయితే తెగిన ముక్కలతో సహా దాచండి, ఊడదీయకముందే వీడియో తీయండి. వేరే బోల్ట్ వేసి ఉంటే మీ లాయర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, దాచితే అవతలి లాయర్ ఎదురు ప్రశ్నల్లో దొరికిపోతారు. అలాగే మెషిన్‌ని ఇప్పుడే బయట మెకానిక్‌తో విప్పించొద్దు, 38వ సెక్షన్ కిందే ల్యాబ్ పరీక్షకి అడగొచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్ష సంస్థ ఉంది, అక్కడికి గానీ తగిన ఇంకో నిపుణుడికి గానీ పంపమని పిటిషన్ వేయించండి.

"నువ్వు కన్స్యూమర్‌వి కాదు" అన్నది రైతుని భయపెట్టడానికి వాడే మాట. 2019 చట్టంలో స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువు కమర్షియల్ కిందకి రాదని స్పష్టంగా ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు, మెషిన్ నడపడానికి ఒకరిద్దరి సాయం తీసుకున్నా కన్స్యూమరే అంది. 2012లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల నుంచే వెళ్లిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో రైతు కన్స్యూమరే అని తేల్చింది. మీ తోట పని చేసుకుని, మీరే నడుపుతూ పక్కవాళ్లకి నాలుగు రోజులు కొట్టారంటే ఇబ్బంది ఉండదు, కానీ డ్రైవర్లని పెట్టి సీజన్ అంతా కిరాయికే తిప్పుతుంటే డీలర్ వాదనకి బలం వస్తుంది, ఎంత కొట్టారో నిజం చెప్పండి.

ముందు డీలర్‌కి, రెండు కంపెనీలకి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీస్ ఇవ్వండి, 15 రోజులు టైం పెట్టండి. ఈలోపు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండి, కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగొస్తుంది. లేదంటే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు, మీరు కట్టిన ధర 7.75 లక్షలు కాబట్టి ఫీజు 200 రూపాయలే, మీరు ఉండే చోటే వేయొచ్చు, షోరూం ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ తర్వాత తీసుకోరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చేసింది.

అడిగేది కూడా తూకంగా అడగండి. ట్రాక్టర్ మొత్తం వెనక్కి తీసుకోమంటే కమిషన్ ఒప్పుకోవడం కష్టం, బండిలో తయారీ లోపం ఉందని నిరూపించాల్సి వస్తుంది. స్లాషర్ డబ్బు వాపసు లేదా బండికి సరిపోయే 6 అడుగులది మార్చి ఇవ్వడం, పీటీఓ రిపేరు ఉచితంగా, పని ఆగిన రోజులకి కూలీలకి మీరు పెట్టిన ఖర్చు, మానసిక వేదనకి పరిహారం, కోర్టు ఖర్చులు, ఇవి అడగండి. కూలీ ఖర్చుకి తారీకులతో ఒక పుస్తకం రాసుకోండి.

ఇంకొకటి, ఈలోపు షోరూం వాళ్లు పిలిచి రిపేరు చేసిస్తాం, జాబ్ కార్డు (షోరూంలో రిపేరు వివరాలు రాసే కాగితం) మీద సంతకం పెట్టమంటారు. అందులో "పూర్తి సంతృప్తితో తీసుకున్నాను" అని ఉంటే పెట్టకండి, "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, తారీకు వేసి, ఫొటో తీసుకున్నాకే సంతకం చేయండి.