కూజాకి కాళ్ళు

చి॥ బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో డాబా మీద పిల్లలకి బొమ్మలు నేర్పుతానన్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ సంతోషంలో మీ పెద్దమ్మని రెండోసారి కాఫీ అడిగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నాలుగేళ్ళ వాడినీ పన్నెండేళ్ళ పిల్లనీ ఒకే చాప మీద కూర్చోబెడతావట! వద్దు. చిన్నవాళ్ళని పొద్దున పిలు, అరగంట చాలు. పెద్దవాళ్ళని సాయంత్రం.

పెన్సిల్ చెక్కే బ్లేడు ఏ పిల్లకీ ఇవ్వకు. నువ్వే చెక్కి డబ్బాలో పెట్టు. ఈ ముక్క రెండుసార్లు చదువు.

మూడు నాలుగేళ్ళ వాళ్ళు తలకాయలోంచే కాళ్ళు లాగుతారు. పొట్ట ఏదిరా అనకు. లావు క్రేయాన్లు, పెద్ద కాగితాలు ఇవ్వు. ఆరేడేళ్ళకి కింద నేలగీత, పైన నీలం పట్టీ వస్తాయి. గోడలోంచి వంట చేసే అమ్మ కూడా కనిపిస్తుంది. ఇంట్లో అమ్మ ఉందని వాళ్ళకి తెలుసు మరి.

డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష పాసైన కొత్తలో ఓ ప్రైవేటు బడిలో చేరాను. నడిమి గీత గీసి, ఎడమ సగానికి కుడి సగం సరిపోయేలా కూజా వేయడం ఒక్కటే నాకు గొప్పగా వచ్చు. అందుకని ఒకటో తరగతికీ అదే పెట్టాను. నెలంతా కూజాయే. ఎప్పుడూ ముక్కు కారుతుండే ఒకడు కూజాకి రెండు కాళ్ళు పెట్టాడు. ఏంట్రా ఇది అంటే, "నీళ్ళయిపోయాయండి, నూతికాడికెల్తంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకోవాల్సింది. రబ్బరుతో కాళ్ళు చెరిపేసి, వాడి చెయ్యి పట్టుకుని సరైన కూజా గీయించాను. అందంగానే వచ్చింది. సిగ్గులేకుండా గోడకి అంటించాను కూడా. ఆ తర్వాత వాడు ఏ బొమ్మ మొదలుపెట్టాలన్నా ముందు నా బల్ల దగ్గరికొచ్చి "దీనికి ఎన్ని కాళ్ళండీ?" అని అడిగేవాడు. కుక్కకి కూడా. ఆ ఏడాదంతా అడుగుతూనే ఉన్నాడు.

చిన్నవాళ్ళ దగ్గర రబ్బరు ఉంచకు. నీ చేతిలో అసలే వద్దు.

నువ్వు నాలుగేళ్ళప్పుడు మా గుమ్మం ముందు సుద్దతో ఏనుగుని గీశావు, తోక ముందుకి పెట్టి. మీ పెద్దమ్మ రెండు రోజులు అక్కడ కళ్ళాపి చల్లలేదు. పాలవాడు కూడా పక్కనుంచి తిరిగొచ్చేవాడు. అప్పటికి నాకూ కాస్త బుద్ధొచ్చిందిలే.

తొమ్మిది పదేళ్ళ వాళ్ళ తీరు వేరు. గుర్రం గుర్రంలా రాలేదని కాగితం చింపేస్తారు. బాగుందిలే అంటే నమ్మరు. నేర్పాల్సింది అప్పుడే: ముందున్న చెంబు వెనకున్న గిన్నెని ఎంత కప్పిందో చూడమను. పదకొండు దాటితే రైలుపట్టాలు దూరాన కలిసినట్టు ఎలా గీయాలో చెప్పు. మీ రాజమండ్రిలోనే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది, వాళ్ళని ఓ రోజు తీసుకెళ్ళు. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. నకలు తీయమనకు, ఊరికే చూడనీ.

ఫీజు ఎంతో మీ నాన్న చెప్పలేదు. ఉచితంగా మాత్రం చెప్పకు. రెండు డబ్బాల రంగు సుద్దలు మీ నాన్న చేత పంపిస్తున్నాను. బ్లేడు సంగతి మరిచిపోకు.

మీ పెదనాన్న