పిల్లుల మీద కాదు, చేపతలల మీద వేయండి దావా

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా భార్య పోయాక ఆమె పెంచిన పెరటి తోటే నాకు తోడు. పక్కింటివారు నాలుగేళ్లుగా రెండిళ్ల మధ్య గోడ మీద పిల్లులకు చేపతలలు వేస్తున్నారు. వీధి పిల్లులన్నీ మా పెరట్లోకి దూకి తోటకూర మడులు, వంగనారు తవ్వి పాడుచేస్తున్నాయి. అడిగితే, ‘పిల్లికి హద్దులు తెలుస్తాయా మాస్టారూ’ అంటున్నారు. ఇంతవరకు నోటి మాటే తప్ప కాగితం మీద ఏమీ రాయలేదు, ఫొటోలూ తీయలేదు. వారి పిల్లుల మీద కేసు వేయవచ్చా? గోడ మీద కరెంటు తీగ లాగవచ్చా? ఎండుచేపలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టమని ఒకరు చెప్పారు. నా పెరట్లో నేను పెట్టుకుంటే తప్పా?

జవాబు: మీరు ఒకచోట ‘వీధి పిల్లులు’ అనీ, మరోచోట ‘వారి పిల్లులు’ అనీ రాశారు. మీ కేసు నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

పశువు చేలో పడితే బందెలదొడ్డికి తోలే హక్కు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇచ్చింది. అందులో చెప్పిన పశువుల్లో ఏనుగు ఉంది, మేక ఉంది, పంది ఉంది, పిల్లి లేదు. పొరుగువారి పావురాలను పిల్లి చంపినా యజమానిది బాధ్యత కాదని 1926లోనే ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడి ఉండనక్కర్లేదు గానీ, ఎదుటి వకీలు దాన్ని చదవకుండా ఊరుకోరు. కాబట్టి పిల్లి గోడ దూకిందన్న దావా నిలవడం కష్టం. వీధి పిల్లులైతే ప్రతివాదే ఉండరు.

అదే గోడ మీద రోజూ చేపతలలు వేసి పిల్లులను పోగుచేయడం మనిషి చేసే పని. దానివల్ల మీ ఇంట్లోకి దుర్వాసన, మలం, నిద్ర పట్టనివ్వని అరుపులు వస్తున్నాయంటే అది పొరుగువారికి కలిగించే ఉపద్రవం, అంటే కోర్టు భాషలో న్యూసెన్స్. ఆ పని ఆపాలని నిషేధ ఉత్తర్వు కోరవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు. పిల్లులు ఎవరివన్న పేచీ అప్పుడు అవసరమే రాదు.

ఇక రుజువులు. నాలుగేళ్లలో ఒక్క కాగితమైనా రాయలేదు, తేదీ ఉన్న ఒక్క ఫొటో అయినా తీయలేదు. పాఠం చెప్పిన మనిషి ఇంత అజాగ్రత్తగా ఉంటే ఎలా? పరిహారం దావాకు గడువు మూడేళ్లు. మొదటి ఏడాది నష్టం ఇప్పటికే చేజారింది. ఇలా రోజూ సాగే ఉపద్రవానికి గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని గడువుల చట్టం 22వ సెక్షన్ చెబుతుంది కాబట్టి మిగతాది బతికి ఉంది. ఈ రోజే నోటుపుస్తకం తెరవండి. గోడ, పళ్లెం, అది పెడుతున్న చేయి ఒకే ఫొటోలో కనపడాలి. తవ్విన మడి ఒక్కటే చూపితే పందికొక్కు తవ్విందంటారు. ఫొటో తీసిన ఫోనును అమ్మకండి, మార్చకండి. దానిలోని ఫొటోలు కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

గుళికల మాట మళ్లీ ఎత్తవద్దు. పెరడు మీదైనా నేరం నేరమే. జంతుహింస నివారణ చట్టంలో మొదటిసారి జరిమానా యాభై రూపాయలు మించదని ఎవరైనా ధైర్యం చెప్పి ఉంటారు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ చదవమనండి: జంతువుకు విషం పెట్టి చంపితే ఐదేళ్ల వరకు జైలు. ఆ ముక్క పక్కింటి పసివాడి చేతికి అందితే ఏమవుతుందో మీకు చెప్పాలా? పైగా రేపు ఒక పిల్లి చచ్చినా, మీ ఉద్దేశానికి ఈ ఉత్తరమే సాక్ష్యం. నేరం చేయాలనే ఉద్దేశంతో వకీలుకు చెప్పిన మాటకు సైతం చట్టం రక్షణ ఇవ్వదు. కరెంటు తీగా అంతే. తడి గోడ మీద చేయి వేసిన మనిషి పోతే జైలుకు వెళ్లేది మీరు. గోనె సంచిలో కట్టి నాగావళి అవతల వదిలిపెట్టడం కూడా వద్దు. అది పెంపుడు పిల్లి అయితే దొంగతనం కేసు ఎదురవుతుంది.

ముందుగా పక్కింటివారికి వకీలు ద్వారా నోటీసు పంపి, అది చేరిన రుజువు దాచుకోండి. దుర్వాసన, చేపల చెత్త గురించి నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగానికి అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తరువాత కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. దావా వేయకముందే లోక్‌ అదాలత్‌కు పిలిపిస్తారు. చేపతలలు గోడ మీద కాక వారి ముంగిట్లోనే వేసుకుంటామని అక్కడ రాజీ రాసుకుంటే దాని మీద లోక్‌ అదాలత్‌ ఇచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. ఎదురెదురుగా బతకాల్సినవారు మీరు. ఏళ్ల తరబడి సాగే దావా కంటే నేను దీన్నే కోరుకుంటాను.

ఈలోగా తోటను కాపాడుకోండి. పిల్లి వదులుగా, పొడిగా ఉన్న మట్టినే వెతుక్కుంటుంది. కళింగపట్నం వైపు మత్స్యకారుల దగ్గర పాత వల దొరికితే మడి మీద బిగించి పరచండి. నారు వల కన్నుల్లోంచి పైకి వస్తుంది, పిల్లికి తవ్వే చోటు ఉండదు. గోడ ఎత్తు పెంచాలనుకుంటే మాత్రం ముందు దస్తావేజు తీసి హద్దులు చదవండి. గోడ ఉమ్మడిది అని ఉంటే, వారి సంతకం లేకుండా దాని మీద ఒక్క ఇటుక కూడా పెట్టవద్దు.