పెద్దవాళ్లతో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక్క రోజు దీవి ప్రయాణం: ఏ దీవి, గైడ్ కావాలా?

మీరు అడిగింది ఇదీ: జనవరిలో చెన్నై నుంచి అమ్మానాన్నలతో నాలుగు రోజులకి అండమాన్ వెళ్తున్నారు. అందులో ఒక రోజు ఫెర్రీ ఎక్కి ఏదైనా దీవి చూసి సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్ వచ్చేయాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి షుగర్. హేవ్‌లాక్ వెళ్లాలా, పక్కనే ఉన్న రాస్ చాలా, గైడ్‌కి డబ్బు పెట్టడం దండగా?

రాస్‌కి వెళ్లండి. ఆ రోజు రాస్ ఒక్కటే పెట్టుకోండి. మీ అమ్మానాన్నలకి అర్థమయ్యే భాషలో మాట్లాడే గైడ్‌ని వెతుక్కోండి. ఈ మూడో మాట మీద మాత్రం రాజీ పడొద్దని గట్టిగా చెప్తాను, ఎందుకంటే మేం అదే దీవికి రెండు రోజుల తేడాతో రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది.

మేం ఉండేది చెన్నై విల్లివాక్కంలో. నాన్న ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు, 74 ఏళ్లు. అత్తయ్యది నెల్లూరు. మా దగ్గరే ఉంటారు. 70 దాటాయి, మోకాలికి బెల్టు లేకుండా బయటికి రారు. ఫిబ్రవరిలో ఇద్దర్నీ తీసుకుని నేనూ మా ఆయనా బయల్దేరాం. ఓడలో వెళ్దామని నాన్నకి ఎంతో కోరిక. చెన్నై నుంచి దాదాపు మూడు రోజులు పడుతుందని తెలిశాక విమానానికి ఒప్పుకున్నారు. అదైతే రెండు గంటల పైచిలుకు.

ఇక్కడే ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. అందులో ఒక రోజు 'రాస్, నార్త్ బే, గైడ్‌తో' అని రాసి ఉంది. గైడ్ అని వచ్చిన అబ్బాయి జెట్టీలో తలలు లెక్కపెట్టి, మూడు నిమిషాలు హిందీలో గబగబా ఏదో చెప్పి, 'యాభై నిమిషాల్లో బోటు దగ్గర ఉండాలి' అని వెళ్లిపోయాడు. యాభై నిమిషాల్లో అత్తయ్య జెట్టీ నుంచి పైకి ఎక్కే దారిలో సగం కూడా నడవలేకపోయారు. కొబ్బరిచెట్టు కింద కూర్చున్నారు, రెండు దుప్పుల్ని చూశారు, మళ్లీ దిగారు. తర్వాత నార్త్ బేలో మూడు గంటలు. అక్కడ ఉన్నవన్నీ నీళ్లలో ఆటలే: స్కూబా, సీ వాక్, అద్దాల బోటు. కుర్రాళ్లకి చాలా బాగుంటుంది. మా ఇద్దరు పెద్దవాళ్లు మాత్రం ఎండలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, వచ్చి అడిగిన ప్రతి మనిషికీ 'వద్దు బాబూ' అని చెప్తూ ఉండిపోయారు. పాత ఇరవై రూపాయల ఎర్రనోటు వెనక ఉన్నది ఆ నార్త్ బే లైట్‌హౌసే. ఆ సంగతైనా ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

రాత్రి రూముకి వచ్చాక అత్తయ్య అడిగారు: 'ఏవో పాడుబడ్డ గోడలు చూపించారమ్మా, అవి ఎవరివి?' నాకు చాలా బాధేసింది. అంత దూరం తీసుకెళ్లి, గోడలు చూపించి తీసుకొచ్చేశాం.

మర్నాడు బజారుకి వెళ్తుంటే, మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆటో అతను 'మీదే ఊరండీ?' అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వచ్చిన కుటుంబాలు. తనకి తెలిసిన గైడ్ ఉన్నాడని ఫోన్ చేసి ఇచ్చాడు. ఆ గైడ్ తాతగారిది సోంపేట వైపు, ఇతను పుట్టింది ఇక్కడే. ఆ మర్నాడు పొద్దున్నే అబెర్డీన్ జెట్టీలో రాస్‌కి మాత్రమే టికెట్లు తీసుకున్నాం. కౌంటర్‌లో మొదట రెండు దీవులదే తీసుకోమన్నారు, మళ్లీ అడిగితే ఇచ్చారు. మీకూ అలా అంటే ఓపిగ్గా ఇంకోసారి అడగండి.

బోటులో పావుగంట. దిగగానే అతను చేసిన మొదటి పని, పెద్దవాళ్లిద్దర్నీ నీడలో బెంచీ మీద కూర్చోబెట్టడం. 'పెద్దమ్మా, ముందు వినండి, నడక తర్వాత' అన్నాడు. ఎదురుగా నీళ్లకి అవతల సెల్యులర్ జైలు కనిపిస్తూ ఉంది. దాన్ని చూపిస్తూ మొదలుపెట్టాడు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల్ని ఓడల్లో ఇక్కడికి తెచ్చారు. ఈ దీవి మీద అడవి కొట్టింది ఆ ఖైదీలే. వాళ్ల చేతులతోనే దొరలకి బంగళాలు, చర్చి, క్లబ్బు, బేకరీ లేచాయి. అవతలి జైలు అప్పటికి లేదు, అది 1896లో మొదలై 1906కి పూర్తయింది. 1941 వరకూ అండమాన్ మొత్తాన్ని ఈ చిన్న దీవి మీద నుంచే పాలించారు.

అత్తయ్య ఒక్కసారిగా 'ద్వీపాంతరం అంటే ఇదేనా!' అన్నారు. ఆవిడ చిన్నప్పుడు అల్లరి చేసే పిల్లల్ని 'ద్వీపాంతరం పంపించేస్తారు' అని భయపెట్టేవాళ్లట. ఆ మాట మాత్రం తెలుసు, ఆ చోటు ఎక్కడుందో తెలియదు. అల్లూరి సీతారామరాజుతో 1922-24 మన్యం తిరుగుబాటులో నడిచినవాళ్లలో కొందరిని కూడా అండమానే పంపారని అతను చెప్పినప్పుడు, ఆవిడ నీళ్ల అవతలి జైలు వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. మొన్న పాడుబడ్డ గోడలు అన్నది ఈవిడే.

పైకి వెళ్లడానికి బ్యాటరీ బండి ఉంది. మీ అమ్మగారి కోసం దిగగానే దాని సంగతి కనుక్కోండి, రద్దీ పెరిగితే ఆగాల్సి వస్తుంది. చర్చి దగ్గర బండి దిగి నడిచాం. ఆ దృశ్యం నేను వర్ణించలేను గానీ, మర్రిజాతి చెట్ల వేళ్లు గోడల్ని మొత్తం అల్లుకుపోయాయి. కొన్నిచోట్ల ఇటుకలు రాలిపోయినా వేళ్లే గోడని పట్టుకుని నిలబెట్టినట్టున్నాయి. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది, చాలా కట్టడాలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది మార్చికి జపాన్ సైన్యం వచ్చేసింది. జెట్టీ దగ్గర కనిపించే కాంక్రీటు బంకర్లు వాళ్లవే. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అది జరిగి 75 ఏళ్లు నిండిన రోజునే, 2018లో, ఈ దీవికి ఆయన పేరు పెట్టారు. అందుకే టికెట్ మీద నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని ఉంటుంది, బోటువాళ్లు మాత్రం ఇంకా రాస్ అనే అంటారు. పోర్ట్ బ్లెయిర్‌కి కూడా 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, బుకింగుల్లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి.

నాన్నకి చర్చి కన్నా సముద్రపు నీటిని మంచినీరు చేసిన ప్లాంటు శిథిలం నచ్చింది. నీళ్లు ఎలా కాగేవి, ఆవిరి ఎటు వెళ్లేది, బొగ్గు ఎక్కణ్ణుంచి వచ్చేది అని గైడ్‌ని వరసగా అడిగారు. తెలిసినవి చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ఆ మాటకి నాకు అతని మీద గౌరవం పెరిగింది. ఆరోజు నాన్న మాట్లాడినంత, రిటైరయ్యాక ఎప్పుడూ మాట్లాడలేదు. మూడు గంటలు దీవి మీద ఉన్నాం, ఎవరూ తొందరపెట్టలేదు. వెనకవైపు లైట్‌హౌస్ దగ్గరికి దిగే మెట్లు చాలా ఉన్నాయి, పెద్దవాళ్లు అటు వెళ్లలేదు. మీరూ అమ్మగారిని దింపకండి, దిగడం కన్నా తిరిగి ఎక్కడం కష్టం. గైడ్‌కి మేం ఇచ్చింది మొదటి ప్యాకేజీలో ఒక మనిషికి పెట్టినదాని కన్నా తక్కువే.

గైడ్‌ని ముందే మాట్లాడుకునేటప్పుడు ఫోన్‌లో మీరు కాకుండా మీ నాన్నగారి చేత రెండు నిమిషాలు మాట్లాడించండి. ఆయనకి సులువుగా అర్థమైతే చాలు. తెలుగు గైడ్ దొరక్కపోతే తమిళం మాట్లాడేవాళ్లు దొరుకుతారు, చెన్నైలో ఉన్న మనకి అదీ సొంత భాష లాంటిదే.

ఇక హేవ్‌లాక్. ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్. రాధానగర్ బీచ్ అందమైనదే, మేమిద్దరం ఇంకోసారి వెళ్లి చూడాలనుకుంటున్నాం. కానీ ఫెర్రీని బట్టి ఒకవైపుకే గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది. దానికి ముందు జెట్టీలో చెకింగు, లైను. అక్కడ దిగాక జెట్టీ నుంచి బీచ్‌కి మళ్లీ బండి. తిరుగు ఫెర్రీ తప్పిపోతుందేమో అన్న టెన్షన్ రోజంతా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇదంతా చేసి ఇసకలో గంట కూర్చోవడం కోసం వెళ్లడం న్యాయం కాదు. అక్కడ ఒక రాత్రి ఉండగలిగితే వెళ్లండి, ఒక్క రోజులో వెళ్లి రావడానికైతే వద్దు.

ఒక విషయం చెన్నైవాళ్లకి అక్కడికి వెళ్లేదాకా తట్టదు. పోర్ట్ బ్లెయిర్ మనకి చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అక్కడ సూర్యుడు మనకన్నా సుమారు 50 నిమిషాల ముందు ఉదయిస్తాడు, అంతే ముందు అస్తమిస్తాడు. జనవరిలో సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి చీకటి పడుతున్నట్టే ఉంటుంది. కాబట్టి పొద్దున తొలి బోట్లకే వెళ్లండి. ఎండ ముదరకముందే నడక అయిపోతుంది, మధ్యాహ్నం భోజనానికి ఊళ్లోకి వచ్చేయొచ్చు. షుగర్ ఉన్న నాన్నగారికి ఇది ముఖ్యం. దీవి మీద సరైన భోజనం దొరుకుతుందని నమ్ముకోకండి. టిఫిన్ తిని బయల్దేరండి, సంచిలో బిస్కెట్లు, పండ్లు, స్టీలు సీసాలో నీళ్లు పెట్టుకోండి. దుప్పులు దగ్గరికి వస్తాయి, బిస్కెట్లు మాత్రం వాటికి పెట్టకండి.

కడుపులో తిప్పడం గురించి భయపడకండి, రాస్‌కి పావుగంటే. అయినా బోటు మధ్యలో కూర్చోబెట్టండి, అక్కడ ఊపు తక్కువ. వాంతులు అలవాటుంటే మాత్ర సంగతి బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి. అసలు జాగ్రత్త పడాల్సింది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. బోటు ఆగినా పైకీ కిందకీ కదులుతూనే ఉంటుంది. బోటు మనిషి చెయ్యి అందించేదాకా అమ్మగారిని కదలనివ్వకండి, వెనక నుంచి మీరు పట్టుకోండి. చీరకట్టు అయితే కొంచెం పైకి కట్టుకోమనండి. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉంటుందని తీసేయనివ్వకండి. అందరి ఆధార్ ఒరిజినల్స్ దగ్గర ఉంచుకోండి.

అత్తయ్య ఒడ్డున తెల్లటి పగడపు ముక్క ఒకటి మనవరాలి కోసం తీసి కొంగులో ముడేసుకున్నారు. గైడ్ చూసి, 'పెద్దమ్మా, అది చచ్చిన ముక్కైనా తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో బ్యాగులు చూస్తారు' అని నెమ్మదిగా చెప్పాడు. పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఆవిడ దాన్ని తీసిన చోటే జాగ్రత్తగా పెట్టి వచ్చారు.

రోజు విషయానికి వస్తే, దిగిన మొదటి రోజు పెట్టుకోకండి, పెద్దవాళ్లు అలసిపోయి ఉంటారు. రెండో రోజు పొద్దున బాగుంటుంది. వాతావరణం బాగోక బోట్లు ఆపేసినా మూడో రోజు చేతిలో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు రాస్‌కి బుధవారం సెలవు. టికెట్లు బుక్ చేసే ముందే మీ రెండో రోజు ఏ వారం పడుతుందో చూసుకోండి. సెల్యులర్ జైలుని రాస్ తర్వాతే పెట్టుకోండి. దీవి మీద నుంచి ఆ జైలుని చూసి, కథ విని ఉన్నారు కాబట్టి, మర్నాడు లోపలికి అడుగుపెట్టినప్పుడు నాన్నా అత్తయ్యా ఎవరి సాయం లేకుండా ఒక్కో గది ముందూ ఆగి చూశారు.