బాప్తిస్మం పొంది ప్రతి ఆదివారం మందిరానికి వెళ్తే సరిపోదా?

సరిపోదు, బాప్తిస్మం క్రైస్తవ జీవితానికి మొదలు మాత్రమే, ఆ తర్వాత క్రీస్తు స్వభావంలోకి ఎదుగుతూనే ఉండాలని కొత్త నిబంధన బోధిస్తుంది. ఎన్నో ఏళ్లు సేవ చేసి, చెరసాల బంధకాల్లో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలే తానింకా గురి చేరలేదని, దాని వైపే పరుగెత్తుతున్నానని అన్నాడు.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల 1830ల నుంచే సువార్త పని ఉంది. తరతరాల విశ్వాస కుటుంబాలున్న ఇలాంటిచోట తాతల భక్తే మన భక్తి అనిపించడం తేలిక. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కీర్తనలన్నీ కంఠతా వచ్చిన ఒకాయన, చేలగట్టు తగాదాతో సొంత అన్నతో మాటలు మానేశాడనుకుందాం. ఆయనకు ఎదుగుదల అంటే అన్న గుమ్మం తొక్కడమే. అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు చెప్పాడు. ఎంత కష్టమైన పనో పల్లెల్లో ఉన్నవాళ్లకు తెలుసు.

"రక్షణ కృపవల్లే కదా, ఇంకా ప్రయత్నమెందుకు?" అన్నది చాలామందికున్న అపోహ. కృపవల్లే, సందేహం లేదు. క్రియలతో సంపాదించేది కాదు. అయితే కొత్త నిబంధనలో ఎఫెసీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) ఆ మాట చెప్పిన వెంటనే, సత్క్రియలు చేయడానికే దేవుడు మనల్ని క్రీస్తులో సృష్టించాడని కూడా చెబుతుంది.