సెలవుల్లో చదివింది మర్చిపోతారేమో అనిపిస్తోంది, ఇంట్లో పిల్లలతో ఏం చేయించాలి?

మీ ప్రశ్న చదివానండి. బాబు మూడో తరగతి, పాప ఒకటో తరగతి, మూడు వారాల సెలవులు, ఇంటి నిండా చుట్టాలు, మీ ఇద్దరికీ ఉద్యోగాలు, దానికి తోడు స్కూల్లో ఇచ్చిన వర్క్‌షీట్ల కట్ట. ఇవన్నీ ఉండగా నేర్చుకున్నది మర్చిపోతారేమోనని టెన్షన్. నేను చాలా ఏళ్లుగా ప్రైమరీ తరగతులకి చెబుతున్నాను, ఇద్దరు పిల్లల తల్లిని కూడా, కాబట్టి రెండు వైపుల నుంచీ చూసి చెబుతున్న మాట ఇది. దయచేసి ఇంట్లో ఇంకో బడి పెట్టకండి. బడిలో మేం ఎంత కష్టపడ్డా ఇవ్వలేనిది ఒకటుంది, ఒక్క పిల్లకి ఒక పెద్దమనిషి పూర్తి ధ్యాస. సెలవుల్లో అది రోజుకి కాసేపు దొరికితే చాలు.

ముందు మర్చిపోవడం సంగతి. మర్చిపోతారు, అది నిజమే, కానీ అన్నీ ఒకేలా మర్చిపోరు. అమెరికాలో హారిస్ కూపర్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 1996లో చెప్పిందేమిటంటే, అక్కడి పొడుగాటి వేసవి సెలవుల తర్వాత పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనక్కి వెళ్తున్నారు, అందులోనూ లెక్కలు చేయడం, స్పెల్లింగ్ ఎక్కువగా దెబ్బతింటున్నాయి. నా క్లాసులో నేను చూసేది కూడా అదే. సెలవుల ముందు విన్న కథ మొత్తం చెప్పేస్తారు, అదే 402లోంచి 178 తీసెయ్యమంటే కొందరు ధీమాగా 376 అని రాస్తారు. రెండులోంచి ఎనిమిది పోదు కదా అని ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు, సున్నా దగ్గరా అదే పని. మధ్యలో సున్నా ఉన్నప్పుడు వందల స్థానం దాకా వెళ్లి అప్పు తెచ్చుకోవాలన్నది చేతికి అలవాటు తప్పిపోయింది, అంతే. తెలివికి వచ్చిన లోటేమీ లేదు, రెండు మూడు లెక్కలు పక్కన కూర్చుని చేయిస్తే మళ్లీ పట్టేస్తారు. పైగా మీవి మూడు వారాలే. బడి తెరిచాక పాత పాఠాలు తిరగేయడానికి మేం కొంత సమయం ఎలాగూ ఉంచుకుంటాం.

వర్క్‌షీట్ల విషయానికి వస్తే, వాటిని రేపు బడి అనగా ముందురోజు రాత్రి ఏడుస్తూ పూర్తి చేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. మొదటి రెండు రోజుల్లోనే గబగబా ముగించేసి హమ్మయ్య అనుకోవడం కూడా అలాంటిదే. నేర్చుకున్నది ఒక్కసారే గుదిగుచ్చి చేసేకంటే మధ్యలో రోజులు వదిలి చేస్తే ఎక్కువ నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తను ప్రయోగాలు చేసుకుని రాశాడు, ఆ తర్వాత ఎంతోమంది మళ్లీ మళ్లీ పరీక్షించినా అదే తేలింది. కాబట్టి కట్టని విడదీసి రోజుకి కొంచెం, మధ్యలో ఒక్కోరోజు పూర్తిగా సెలవు. కొత్త పేజీ మొదలుపెట్టే ముందు నాలుగు రోజుల కిందటి పేజీలోంచి ఒక్క లెక్క, జవాబు చూడకుండా చేయమనండి. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి.

అసలు మీ ఓపికంతా పెట్టాల్సింది చదివించడం మీద. 40 నిమిషాల పీరియడ్‌లో 30 మంది ఉంటే, నేను ఒక్క మాట మాట్లాడకుండా ఉన్నా ఒక్కో బిడ్డకి పైకి చదివే వంతు ఒక నిమిషం కంటే కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. ఇంట్లో మీ పక్కన కూర్చుని పావుగంట చదివితే అది బడిలో ఎన్ని రోజుల వంతో మీరే లెక్కవేసుకోండి. పుస్తకం మాత్రం వాళ్లనే ఎంచుకోనివ్వండి. అమెరికాలోనే అలింగ్టన్, మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే పరిశోధకులు పేద కుటుంబాల పిల్లలకి వరసగా మూడు వేసవుల పాటు, ఏటా తమకి నచ్చినవి ఎంచుకున్న పుస్తకాలు ఇచ్చి చూస్తే, పుస్తకాలు అందని పిల్లల కంటే వాళ్ల చదివే స్థాయి మెరుగ్గా ఉందని 2010లో ప్రచురించారు. మీ బాబు చదివిన పుస్తకమే మళ్లీ తెచ్చుకున్నా, బొమ్మలే ఎక్కువున్నది తెచ్చుకున్నా వద్దనకండి. తప్పు చదివినప్పుడు వెంటనే అందించకండి, ఆ వాక్యం చివరిదాకా పోనివ్వండి. చాలాసార్లు అర్థం కుదరలేదని తనే ఆగి వెనక్కి వస్తాడు, ఆ వెనక్కి రావడమే చదవడంలో అసలు నైపుణ్యం. నేను గమనించినంతలో తల్లిదండ్రులకి అన్నిటికంటే కష్టమైన పని కూడా ఇదే, నోరు కట్టుకుని కూర్చోవడం.

లెక్కలకి విడిగా టైమ్ కేటాయించక్కర్లేదు, ఇంట్లో చుట్టాలున్నారు కదా. పదకొండు మంది ఎక్కడికైనా బయల్దేరాలి, ఒక్కో బండిలో నలుగురే పడతారు, ఎన్ని బళ్లు కావాలో బాబుని అడగండి. క్లాసులో అయితే 2, శేషం 3 అని రాసి పెన్సిల్ కింద పెట్టేస్తారు, అక్కడికి లెక్క అయిపోయినట్టే. ఇంట్లో ఆ శేషం ముగ్గురు మనుషులు, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు, వాళ్లని వదిలేసి వెళ్లలేం కాబట్టి మూడో బండి కావాలని తనంతట తనే అంటాడు. భాగహారం అంటే ఏమిటో ఆ క్షణంలో అర్థమైనంత బాగా నేను బోర్డు మీద ఎప్పటికీ చెప్పలేను. వంటింట్లో అర కప్పు, పావు కప్పు కొలవనివ్వండి. ఇంకో గంటా ఇరవై నిమిషాల్లో బయల్దేరాలి, అప్పటికి టైమ్ ఎంతవుతుందో చూసి చెప్పమనండి. జవాబు రాకపోతే మీరు చెప్పేసి ముందుకి పోండి, దాన్ని పరీక్షలా మార్చకండి.

పాపకి పాములు-నిచ్చెనల ఆట చాలు, ఒకటే చిన్న మార్పుతో. 37వ గడిలో ఉంది, పాచిక మీద 3 పడింది అనుకోండి, ఒకటి, రెండు, మూడు అంటూ జరిపే బదులు ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై అంటూ జరపమనండి. లాస్కీ, సీగ్లర్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటో తరగతికి ముందు వయసు పిల్లల చేత సున్నా నుంచి 100 వరకు గడులున్న ఆట ఆడించారు, గడిలో ఉన్న అంకె పలుకుతూ కదిలినవాళ్లకి సంఖ్యల మీద పట్టు పెరిగింది, ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టినవాళ్లకి ఆ లాభం అంతగా రాలేదు. ఆట అదే, సమయం అదే, నోటితో పలికేది మారింది. ఆడేది మీరే కానక్కర్లేదు, బాబాయో అత్తో ఆడినా సరే, ఈ ఒక్క నియమం వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

రాయడానికి ఎవరూ చూచిరాత పుస్తకం తెరవాలనుకోరు, సెలవుల్లో మరీను. దానికి బదులు వచ్చినవాళ్లలో పెద్దవయసు వాళ్లని పిల్లల చేత ఇంటర్వ్యూ చేయించండి. మీ బడి ఎంత దూరం, ఎవరితో వెళ్లేవాళ్లు, ఏ పని చేస్తే తిట్లు పడేవి, ఇలాంటి ఐదారు ప్రశ్నలు బాబు ముందే రాసుకోవాలి, జవాబులు క్లుప్తంగా నోట్ చేసుకోవాలి, పాప బొమ్మ వేస్తుంది. మా పెద్దాడు ఇలాగే వాళ్ల తాతయ్యని అడుగుతూ అడుగుతూ కాగితం మీద లేని ప్రశ్నలకి వెళ్లిపోయాడు, "మరి అప్పుడు నీకు భయం వెయ్యలేదా?" అని వాడు అడగడం పక్క గదిలోంచి విన్నాను. రాసింది చూస్తే సగం మాటల్లో ఒత్తులు లేవు, నేను ఒక్కటీ దిద్దలేదు. మర్నాడు అమ్మమ్మకి చదివి వినిపించమంటే తనకే చదవడం రాక తనే దిద్దుకున్నాడు. తను రాసింది ఎవరో వింటారని తెలిస్తే పిల్లలు రాతలో పెట్టే శ్రద్ధ వేరుగా ఉంటుంది.

ఫోన్, టీవీ గురించి మీరు అడగలేదు కాబట్టి ఎక్కువ చెప్పను, నిద్ర గురించి మాత్రం చెప్పాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. చుట్టాలతో కబుర్లలో పడుకునే వేళ ఎంత మారినా పర్వాలేదు, బడి తెరవడానికి నాలుగైదు రోజుల ముందు నుంచి రోజూ కాస్త ముందుకి జరుపుతూ మామూలు వేళకి తెచ్చేయండి. మొదటి వారం నా క్లాసులో పిల్లలు పాఠం అందుకోలేకపోతే దానికి కారణం మర్చిపోవడం కంటే నిద్రమత్తే ఎక్కువసార్లు.

ఇంకొకటి, మీ ప్రశ్నలో ఎక్కడికీ తీసుకెళ్లలేకపోతున్నామన్న బాధ కనిపించింది. దాని గురించి అస్సలు మథనపడకండి. సెలవుల తర్వాత "ఎక్కడికి వెళ్లొచ్చారు?" అని అడిగితే ప్రయాణాలు చేసిన నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు తలలు దించుకుంటారు, అందుకే నేను ఆ ప్రశ్న అడగను. ఇంట్లో ఎవరికి ఏ పనిలో సాయం చేశావు, కొత్తగా ఏది చేయడం వచ్చింది అని అడుగుతాను, అప్పుడు చెప్పడానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది.

వర్క్‌షీట్లలో కొన్ని మిగిలిపోతే మిగలనివ్వండి. ఎంతవరకు చేశాడో, ఏ రకం లెక్క దగ్గర ఆగిపోయాడో ఒక చీటీ మీద రాసి టీచర్‌కి పంపండి. అన్నీ నింపి, అందులో సగం పెద్దవాళ్ల చేతిరాత ఉన్న కట్ట కంటే ఆ చీటీ మాకు ఎన్నో రెట్లు పనికొస్తుంది. పాప ఈ మూడు వారాల్లో పక్కన కూర్చుని చదివినా చిన్న చిన్న మాటల దగ్గర కూడా అక్షరాలు కూడబలుక్కోలేక ఆగిపోతుంటే, అది కూడా అందులోనే రాయండి, తొలి వారంలోనే టీచర్ విడిగా చూడగలుగుతారు.