ఇంట్లో పుట్టిన గుర్రప్పిల్ల

ప్రశ్న: మా గుర్రప్పిల్లకు రెండేళ్లు నిండాయి. అమెరికాలో ఆడే బ్యారెల్ రేస్ (మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని దౌడు తీయించే పందెం) నేర్పాలని మా అబ్బాయి మూడు డ్రమ్ములు తెచ్చాడు. మొదలుపెట్టొచ్చా?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: అప్పుడే వద్దు, అన్నా. దాని వెన్నెముక పూర్తిగా గట్టిపడాలంటే ఐదేళ్లు దాటాలి. మా పాలమూరు చెలకలో నేను తొందరపడి మా గుర్రాన్ని మూడేళ్లకే దౌడు తీయించాను. ముందుకాలు వాచి, ఆరు నెలలు కట్టేసి ఉంచాను. దాన్ని చూసి రోజూ ఏడ్చాను.

ఈ ఏడాది పగ్గం పట్టి నడిపించండి, గిట్టలు ఎత్తనివ్వడం అలవాటు చేయండి. నాలుగేళ్లు దాటాక డ్రమ్ముల చుట్టూ నడకే, దౌడు కాదు. మొదటి రెండింటి మధ్య 90 అడుగులు, వాటి నుంచి మూడోదానికి 105. పందెంలో డ్రమ్ము పడితే పరుగు సమయానికి 5 సెకన్లు కలుపుతారు, అందుకే ముందు మలుపు కుదరాలి. గట్టి నేల మీద మాత్రం తిప్పకండి, దున్ని ఇసుక పోయించండి.